లైన్ బాక్సులో పట్టిన రైలు

జనం టికెట్ కొనుక్కుని ఆవిరి రైలెక్కి ఊళ్ళు తిరగడం మొదలుపెట్టకముందే, టికెట్ కొనుక్కుని ఆవిరి రైలును చూడటానికి వెళ్ళారట. అంటే మామూలు మనుషులకు రైలు మొదట పరిచయమైంది ఎగ్జిబిషన్‌లో వింతగానే. ఈ సంగతి నేను వెతుక్కుని మరీ చదవడానికి కారణం, మా ఇంట్లో రెండు నెలల పాటు సాగిన ఒక చర్చ.

మా బాబు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. వాడికి ట్రెయిన్ సిమ్యులేటర్ అంటే ప్రాణం. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను, కంప్యూటర్ తెర మీద రైలింజను లోపలి కాబిన్ కనిపిస్తుంది. ముందు పట్టాలు, పక్కన సిగ్నళ్ళు. వేగం పెంచడం, బ్రేకు వేయడం, ప్లాట్‌ఫారం దగ్గర సరిగ్గా ఆపడం అన్నీ మనమే చెయ్యాలి. బొమ్మాటలా కనిపిస్తుంది గానీ, రైల్వేలో లోకో పైలట్లకు శిక్షణ ఇచ్చేది కూడా ఇలాంటి వాటి మీదే. కాకపోతే అవి నిజం కాబిన్ అంత ఉంటాయి.

సికింద్రాబాద్‌లో ఒక కమ్యూనిటీ హాల్లో హాబీల ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, మా వాడు కూడా ఒక టేబుల్ అడిగాడు. స్టాంపులు, పాత నాణేలు, బోన్సాయ్ చెట్లు, వాటి మధ్య మా వాడి రైలు. దొరికింది. ఇక మొదలైంది ప్రశ్న: అక్కడికి ఏ కంప్యూటర్ మోసుకెళ్ళాలి?

వాడి కళ్ళు తొంభై వేల గేమింగ్ లాప్‌టాప్ మీద. ఆ కళ్ళు అక్కణ్ణుంచి మెల్లగా నా చీటీ డబ్బుల మీదికి వచ్చాయి. మా వారేమో ఇంట్లో ఉన్న పెద్ద డెస్క్‌టాప్‌నే ఆటోలో వేసుకెళ్దామంటారు. మా అత్తమ్మ, "ఫోన్లో చూపిస్తే పోలే?" అంది. ముగ్గురి మాటల్లోనూ న్యాయం ఉంది. అందుకే అసలు రైలును మోసుకెళ్ళి జనానికి చూపించినవాళ్ళు ఇదివరకు ఏం చేశారో చూద్దామని కూర్చున్నాను. చదివేకొద్దీ మా ఇంటి ప్రశ్న రెండు వందల ఏళ్ళ పాతదని తేలింది.

1808లో లండన్‌లో రిచర్డ్ ట్రెవిథిక్ అనే ఇంజనీరు, ఇప్పుడు యూస్టన్ స్టేషన్ ఉన్న చోటికి దగ్గర్లో, గుండ్రంగా పట్టాలు వేసి చుట్టూ దడి కట్టాడు. లోపల ఒక ఆవిరి ఇంజను, దాని వెనక ఒక బండి. ఇంజను పేరు "పట్టుకోగలిగితే పట్టుకోండి" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. లోపలికి వెళ్ళి చూడాలంటే ఒక షిల్లింగ్. ధైర్యం ఉన్నవాళ్ళు ఎక్కి తిరగొచ్చు. మన ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ లాగా అనుకోండి. ఆయన ఆశ డబ్బు మీద ఒక్కటే లేదు. జనం కళ్ళారా చూస్తే ఆవిరి బండి మీద నమ్మకం కుదురుతుందనుకున్నాడు. కానీ ఇంజను బరువు దాదాపు ఎనిమిది టన్నులు. కింద నేల మెత్తన. పట్టాలు విరిగిపోయాయి. కొన్ని వారాలకే ప్రదర్శన మూతపడింది. స్టాక్‌టన్, డార్లింగ్‌టన్‌ల మధ్య ఆవిరి రైలు నడిచి చరిత్రకెక్కింది 1825లో. అంటే ఆయన ప్రదర్శన పట్టాలు విరిగిన పదిహేడేళ్ళకు.

ఇంజను మంచిదే. అది నిలబడాల్సిన నేలకు సరిపోలేదు, అంతే. మా వారి డెస్క్‌టాప్ వాదనకు నాకు ఇక్కడే సగం జవాబు దొరికింది.

ఇంకో కథ చెప్తాను, ఇది మనకు బాగా నచ్చే కథ. జర్మనీలో గోపింగెన్ అనే ఊళ్ళో 1859లో మెర్క్‌లిన్ అనే ఆయన రేకుతో బొమ్మల సామాను చేయడం మొదలుపెట్టాడు. ఏ సామానో తెలుసా? ఆడపిల్లలు ఆడుకునే వంటింటి బొమ్మ పాత్రలు, మన లక్కపిడతల్లాంటివి. 1866లో ఆయన పోయాడు. భార్య కరోలిన్ వ్యాపారాన్ని వదలలేదు. అంతకు ముందు నుంచే ఆవిడ నమూనాలు పట్టుకుని ఊరూరూ తిరిగి ఆర్డర్లు తెచ్చేది. ఆ కాలంలో ఆడవాళ్ళు అలా వ్యాపారం మీద ఒంటరిగా తిరగడం అపురూపం. పిల్లలు పెద్దవాళ్ళై పగ్గాలు పట్టుకునేదాకా, ఇరవై ఏళ్ళకు పైగా, ఆ లక్కపిడతల దుకాణాన్ని నిలబెట్టింది ఆవిడే. ఆ కొడుకుల చేతిలోనే 1891లో లీప్‌జిగ్ సంతలో మెర్క్‌లిన్ బొమ్మ రైలు బయటికొచ్చింది. కీ ఇస్తే నడిచే ఇంజను, ఎనిమిది అంకె ఆకారంలో పట్టాలు. ఈ ఏడాది కొన్న పట్టాలకు వచ్చే ఏడాది కొన్న పట్టాలు అతుక్కునేలా కొలతలు ఖాయం చేశారు. ఈనాటికీ బొమ్మ రైళ్ళ ప్రపంచంలో ఆ పద్ధతే నడుస్తోంది.

అక్కణ్ణుంచి బొమ్మ రైళ్ళ వాళ్ళ కష్టమంతా మోతదే. 1910లో లండన్‌లో మోడల్ రైల్వే క్లబ్ పుట్టింది. సభ్యులు ఇళ్ళల్లో కట్టుకున్న రైలు నమూనాలను ప్రదర్శనలకు తేవాలంటే ముక్కలు చేసి, మోసి, మళ్ళీ బిగించాలి. 1957లో సిరిల్ ఫ్రీజర్ అనే ఆయన మధ్యలో మడత పెట్టుకునే రైల్వే స్టేషన్ నమూనాకు ప్లాన్ గీసి పత్రికలో వేస్తే, అది ఇప్పటికీ అభిమానులు కట్టుకుంటూనే ఉన్నారు. 1972లో మెర్క్‌లిన్ వాళ్ళే అసలు రైలులో 220వ వంతు ఉండే బుల్లి రైలును తెచ్చారు. దాంతో పట్టాలు, కొండ, సొరంగం అన్నీ ఒక బ్రీఫ్‌కేసులో పట్టడం మొదలైంది.

మన దగ్గర పుణెలో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం చూసినవాళ్ళుంటారు. ఆయన తన బుల్లి నగరాన్ని మొదట్లో ప్రదర్శనలకు తీసుకెళ్ళి బిగించి చూపించేవారు. విప్పడం, బిగించడం తలకు మించిన పని కావడంతో ఒకే చోట స్థిరంగా పెట్టాలనుకున్నారు. 1998లో ఆ మ్యూజియం తెరిచారు. ప్రతి పండక్కీ బొమ్మల కొలువు పెట్టి, తీసి, అటక మీద సర్దే మనకు ఆయన అవస్థ వేరే చెప్పక్కర్లేదు.

బొమ్మ రైలు సరే, మరి రైలు నడుపుతున్న అనుభూతిని మోసుకెళ్ళడం ఎలా? దీనికి ముందు నడిచినవి విమానాలు. అమెరికాలో బింగమ్‌టన్ ఊళ్ళో లింక్ అనే కుటుంబం పియానోలు, ఆర్గన్‌లు తయారు చేసేది. ఆర్గన్ అంటే మన హార్మోనియానికి పెద్దక్క. గాలి తిత్తులే దానికి ఊపిరి. ఆ ఇంటి అబ్బాయి ఎడ్విన్ లింక్‌కు విమానం నేర్చుకోవాలని కోరిక. విమానమెక్కి నేర్చుకోవాలంటే బోలెడు డబ్బు. అందుకని 1929లో ఆ ఆర్గన్ తిత్తులతోనే ఒక చెక్క పెట్టెను పైకీ కిందికీ, పక్కలకీ ఊగేలా చేశాడు. లోపల కూర్చుని పిడి కదిపితే, విమానం ఎలా ఒరుగుతుందో పెట్టె అలా ఒరుగుతుంది. వైమానిక దళం వాళ్ళు మొదట పట్టించుకోలేదు. అది అమ్ముడుపోయింది వినోద పార్కులకు, నాణెం వేసి ఆడుకునే బొమ్మగా!

1934లో అమెరికా సైన్యం విమానాల్లో ఉత్తరాలు మోసే పని తలకెత్తుకుంది. చీకట్లో, మంచులో నడపడం రాక పైలట్లు వరసగా చనిపోయారు. అప్పుడు లింక్‌కు పిలుపొచ్చింది. ఏ విమానమూ ఎగరలేదనుకున్న పాడు వాతావరణంలో, మీటర్లను మాత్రమే చూసుకుంటూ ఆయన తన విమానంలో వచ్చి దిగాడు. అంతకన్నా మంచి ప్రదర్శన ఏముంటుంది! సైన్యం ఆరు పెట్టెలు కొంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి పదివేలకు పైగా తయారయ్యాయి. సంతలో నాణెం వేసి ఆడుకున్న పెట్టె ప్రాణాలు కాపాడే బడి అయ్యింది.

రైలు సిమ్యులేటర్ ఇంటింటికీ రావడానికి మాత్రం జపాన్ దాకా వెళ్ళాలి. అక్కడా ఒక సంగీతం మనిషే ఉన్నాడు చూడండి. కాసియోపియా అనే పేరున్న బ్యాండ్‌లో కీబోర్డు వాయించే మినోరు ముకాయా, 1995లో కంప్యూటర్ మీద ఆడే ట్రెయిన్ సిమ్యులేటర్ తెచ్చాడు. బొమ్మలు గీయకుండా, నిజం రైలు ముందు నుంచి తీసిన వీడియోనే వాడాడు. తర్వాత ఆయన కంపెనీ నిజం రైల్వేలకే శిక్షణ సిమ్యులేటర్లు తయారు చేసింది. స్టేషన్లలో రైలు బయలుదేరేటప్పుడు వినిపించే చిన్న చిన్న రాగాలు కూడా ఆయన చాలా కట్టాడు.

ఆ మరుసటి ఏడాది, 1996లో, టైటో కంపెనీ ఆటల సెంటర్లలో "డెన్షా డె గో" అనే రైలాట పెట్టింది. వేగానికి ఒక హ్యాండిల్, బ్రేకుకు ఒక హ్యాండిల్. ఆటంతా ఒక్కటే, రైలును వేళకు తెచ్చి ప్లాట్‌ఫారం మీద గీత దగ్గర ఆపడం. తుపాకులు లేవు, రాక్షసులు లేరు. అయినా జనం విరగబడ్డారు. ఆ ఆట ఇళ్ళల్లోకి వచ్చినప్పుడు దాంతోపాటు బుల్లి హ్యాండిళ్ళు కూడా అమ్మారు. 2001లో మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ వచ్చింది. అందులో మన దేశపు మార్గం ఒక్కటీ లేదు. మన కుర్రాళ్ళు ఊరుకుంటారా? మన ఇంజన్లు, మన బోగీలు, మన స్టేషన్లు సొంతంగా తయారు చేసి ఉచితంగా పంచుకున్నారు. 2009లో మొదలైన ఓపెన్ రైల్స్ అనే ఉచిత ప్రోగ్రాం వాటన్నిటినీ కొత్త కంప్యూటర్ల మీద నడిచేలా చేసింది. మా వాడు వాడేది అదే.

కంప్యూటర్‌ను మోసుకెళ్ళడం కూడా సంతలోనే మొదలైంది. 1981లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక కంప్యూటర్ల ప్రదర్శనలో ఆస్బోర్న్ అనే మిషన్ పెట్టారు. మూత వేస్తే కుట్టు మిషన్ పెట్టెలా ఉంటుంది. బరువు పదకొండు కిలోలు, తెర అయిదంగుళాలు. తొమ్మిది గజాల చీర కట్టుకుని మనం దాన్ని ఎత్తుకెళ్ళడం ఊహించుకోండి! అయినా అప్పట్లో అదే గొప్ప. ఇప్పుడు అరచేతిలో పట్టే పెట్టెకు దానికి వేల రెట్లు శక్తి ఉంది.

ఈ కథలన్నీ చదివాక నాకు ఒక దారం దొరికింది. రైలును జనంలోకి తీసుకెళ్ళి నెగ్గినవాళ్ళు బరువును వదిలేశారు గానీ, చేతికి తగిలే దాన్ని మాత్రం వదల్లేదు. మెర్క్‌లిన్ పట్టా ముక్క, లింక్ గారి పిడి, జపాన్ వాళ్ళ హ్యాండిల్. అద్భుతమైన బొమ్మ కంటికి కనిపిస్తుంది. రెండు నిమిషాలు నిలబడి వెళ్ళిపోయే మనిషికి గుర్తుండేది చెయ్యి చేసిన పని.

ఇక మా ఇంటికి వస్తాను. మా మామగారు రైల్వేలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు గానీ, మా ఇంట్లో ఇంకా డ్రైవరే. కాజీపేట నుంచి డీజిల్ ఇంజన్ల మీద ఎన్నో ఏళ్ళు తిరిగారు. ఆయన్ని అడిగితే, లాప్‌టాప్ గురించి గానీ గ్రాఫిక్స్ గురించి గానీ ఒక్క మాట అనలేదు. "కళ్ళు సిగ్నల్ మీదుండాలె. చెయ్యి దాని పని అది చేసుకోవాలె. నాచ్ పడితే చేతికి టక్కుమని తెలవాలె" అన్నారు. ఆయన నడిపిన డీజిల్ ఇంజన్లో వేగం హ్యాండిల్‌కు ఎనిమిది నాచ్‌లు. కీబోర్డులో అక్షరం నొక్కితే ఆ టక్కు రాదు. ఫోన్ అద్దం మీద వేలు జరిపితే అసలే రాదు. అత్తమ్మ మాట అక్కడ వీగిపోయింది.

గేమింగ్ లాప్‌టాప్‌కు చిక్కు ఇంకోటి. తెర పదిహేను అంగుళాలే. కూర్చున్న ఒక్కరికి కనిపిస్తుంది, వెనక నిలబడ్డ నలుగురికి ఏమీ కనిపించదు. ఎగ్జిబిషన్ అంటే వెనక నిలబడేవాళ్ళే కదా. పైగా వాడి ఓపెన్ రైల్స్‌కు అంత శక్తి అక్కర్లేదని వాడే ఒప్పుకున్నాడు. డెస్క్‌టాప్‌ది ట్రెవిథిక్ గారి కథే. ఆటో కుదుపులకు లోపలి కార్డు కదులుతుంది. పాత రకం హార్డ్ డిస్కులో గిర్రున తిరిగే పళ్ళెం ఉంటుంది, దానికి కుదుపు పడదు. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై అనే చౌక బోర్డు సంగతి కూడా చూశాడు. 2012లో వచ్చినప్పటి నుంచి పిల్లల ప్రాజెక్టులకు అదే దిక్కు. కానీ విండోస్ కోసం రాసిన ప్రోగ్రాం దాని మీద నేరుగా నడవదు.

చివరికి పార్క్ లేన్‌లో సీటీసీకి వెళ్ళి, ఆఫీసుల్లో వాడి తీసేసిన చిన్న పెట్టె కంప్యూటర్ ఒకటి తెచ్చారు తండ్రీ కొడుకులు. మినీ పీసీ అంటారు. నిఘంటువు అంత ఉంటుంది. అందులో తిరిగే డిస్కు లేదు, ఎస్ఎస్‌డీ వేయించారు. కుదుపుకు భయం లేదు. పద్దెనిమిది వేలయింది. నా చీటీ డబ్బులు చాలావరకు నా దగ్గరే ఉన్నాయి. తెరగా ఇంట్లో ఉన్న మానిటరే. మిగిలిన శ్రద్ధంతా హ్యాండిల్ మీద పెట్టారు. చెక్క చక్రానికి ఎనిమిది గాట్లు చెక్కించి, వాటిలో పడేలా ఒక స్ప్రింగు బిగించారు. పిడి నేనిచ్చిన పాత ప్రెషర్ కుక్కర్‌ది. చక్రం తిరిగినప్పుడల్లా ఆర్డినో అనే చిన్న బోర్డు కీబోర్డు నొక్కినట్టుగా కంప్యూటర్‌కు చెప్తుంది. మామగారు కళ్ళు మూసుకుని పిడి తిప్పి చూసి, మూడుసార్లు గాట్లు సరిచేయించారు. నాలుగోసారి ఏమీ అనలేదు. అదే సర్టిఫికెట్.

కరెంటు సంగతీ ఆలోచించాం. మన నుమాయిష్ 1938 నుంచి జరుగుతోంది. 2019 జనవరి 30 రాత్రి అక్కడ స్టాళ్ళు తగలబడిన దృశ్యం ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోలేదు. అందుకని వేలాడే ఎక్స్‌టెన్షన్ బోర్డులు వద్దని, ఒక చిన్న యూపీఎస్‌కు రెండే తీగలు పెట్టి టేబుల్ కాలికి కట్టించాను. అంతా సర్దడానికి పెట్టె కావాలన్నాడు బాబు. మామగారు లోపలికి వెళ్ళి, మంచం కింద నుంచి తన లైన్ బాక్సు లాగారు.

లైన్ బాక్సంటే రైల్వే ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. డ్రైవర్లు, గార్డులు డ్యూటీకి వెంట తీసుకెళ్ళే ఇనప పెట్టె. ఎర్ర జెండా, పచ్చ జెండా, టార్చి, పట్టాల మీద పెట్టే డిటోనేటర్లు, రూల్ పుస్తకం, వాటి పక్కనే రన్నింగ్ రూములో వండుకోవడానికి బియ్యం, కారప్పొడి. మా అత్తమ్మ ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ పెట్టె సర్దింది. అర్ధరాత్రి పిలుపొచ్చినా సర్దింది. మానిటర్ తప్ప మా సిమ్యులేటర్ అంతా అందులో పట్టింది. చరిత్రలో రైలును మోయడానికి పడ్డ కష్టాలన్నీ చదివిన నాకు, రైలు మనిషి పెట్టెలోనే రైలు పట్టడం చూస్తే ముచ్చటేసింది.

ప్రదర్శన రోజు నేను గమనించిన ముఖ్యమైన విషయం ఒకటుంది. మగపిల్లలు వాళ్ళంతట వాళ్ళే కుర్చీ ఎక్కేస్తారు. తల్లులు, అమ్మాయిలు వెనక సంచులు పట్టుకుని నిలబడతారు. "మాకేం తెలుస్తుంది" అని నవ్వేస్తారు. కీబోర్డు ఉండి ఉంటే వాళ్ళు ఆ నవ్వు దగ్గరే ఆగిపోయేవాళ్ళు. కుక్కర్ పిడి చూసి మాత్రం ఒకావిడ ఆగి, "ఇది మా ఇంట్లో ఉన్నదే కదా" అని పట్టుకుంది. సంచి నేను పట్టుకున్నాను. ఆవిడ ఘట్‌కేసర్ వైపు నుంచి వస్తున్న బండిని మౌలాలీ ప్లాట్‌ఫారం మీద ఆపింది. ఆ తర్వాత కుర్చీ ఖాళీ లేదు. 1980ల చివర్లో సురేఖా యాదవ్ మన దేశంలో మొదటి మహిళా రైలు డ్రైవరుగా ఇంజను ఎక్కారు. 2023లో వందే భారత్ కూడా నడిపారు. ఆవిడ పేరు చెప్తే, అక్కడున్న అమ్మాయిల్లో ఇద్దరు మళ్ళీ లైన్లో నిలబడ్డారు.

సాయంత్రం జనం పలచబడ్డాక మా అత్తమ్మను కూర్చోబెట్టాడు మనవడు. పెట్టె సర్దిన ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ ఇంజను లోపల ఏముంటుందో చూడలేదట. మేమెవరం ఎప్పుడూ అడగనూ లేదు. మామగారు పక్కన నిలబడి సిగ్నళ్ళు చెప్పారు. ఆవిడ మెల్లగా నడిపింది. ఎర్ర సిగ్నల్ చాలా దూరంలో ఉండగానే బ్రేకు వేసింది.

"అంత ముందుగల ఎందుకు ఆపినవే?" అన్నారు మామగారు.

"ఆగదని నువ్వే చెప్తుంటివి గదా, బ్రేకు కొట్టినా కిలోమీటరు ఉరుకుతదని. ఇన్నేండ్లు ఆ భయంతోనే పండుకున్న" అంది.

ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆవిడ చేతి మీద చెయ్యి వేసి, బండిని నాచ్ నాచ్‌గా మళ్ళీ కదిలించారు.

మీ పిల్లలు కూడా ఏదో ఒక హాబీని నలుగురికీ చూపించాలని ఉబలాటపడుతూ ఉంటే, ఖరీదైన మిషన్ కొనేముందు ఒక్క ప్రశ్న అడగండి: వచ్చినవాళ్ళు దేన్ని చేత్తో పట్టుకుంటారు? డబ్బు దాని మీద పెట్టమనండి. మిగతాది పాతదైనా, చిన్నదైనా, అరువు తెచ్చిందైనా గడిచిపోతుంది. మన వంటింట్లో పారేయబోయే పిడి కూడా ఒకోసారి రైలును నడుపుతుంది. మీ ఇళ్ళల్లో ఇలాంటి పాత లైన్ బాక్సులు ఉన్నాయా? ఉంటే అవి సర్దిన చేతుల్ని ఒక్కసారి అడిగి చూడండి, ఏమేం మోశాయో.